2024 వైల్డ్ షేప్ రూల్స్: ఎలుగుబంటికి ప్రాణం తగ్గింది, డ్రూయిడ్‌కి పని పెరిగింది

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే పాత్రల ఆట) 2024 రూల్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ చేతికొస్తే, ప్రకృతి మంత్రాలు వేసే డ్రూయిడ్ పాత్ర ఆడేవాళ్లు ముందు తిరగేసేది వైల్డ్ షేప్ పేజీనే, అంటే జంతువుగా మారే శక్తి గురించి. ఈసారి మార్పు పైపైన చేసింది కాదు.

2014 రూల్స్‌లో మృగం హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) మనవాటికి అదనంగా వచ్చేవి. 2వ లెవెల్ మూన్ డ్రూయిడ్‌కి (మృగరూపంలో పోరాడే డ్రూయిడ్ శాఖ; ఈ శాఖల్నే సర్కిళ్లు అంటారు) సొంతంగా ఓ 17 ఉంటాయనుకుందాం. ఎలుగుబంటికి 34. రెండుసార్లు మారితే ఇంకో 68, షార్ట్ రెస్ట్ (ఆటలో పాత్ర తీసుకునే చిన్న విశ్రాంతి) తీసుకుంటే మళ్లీ అన్నీ. పక్కన ఫైటర్ ఆడేవాడు బిక్కమొహం వేసేవాడు.

ఇప్పుడు ఏ రూపంలో ఉన్నా ప్రాణం మీదే. మారగానే మీ లెవెల్‌కి సమానంగా టెంపరరీ హిట్ పాయింట్లు (అసలు ప్రాణం కన్నా ముందు ఖర్చయ్యేవి) వస్తాయి, మూన్ డ్రూయిడ్‌కి మూడింతలు. అంటే 3వ లెవెల్‌లో 9. చూడ్డానికి అన్యాయమే, కానీ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే ప్రత్యర్థి పాచికతో అందుకోవాల్సిన అంకె) సంగతి కూడా చూడాలి. మూన్ డ్రూయిడ్‌కి అది 13 ప్లస్ విజ్డమ్ మాడిఫయర్. విజ్డమ్ 16 (మాడిఫయర్ +3) ఉంటే ఎలుగు 11కి బదులు 16తో నిలబడుతుంది, దెబ్బలు తప్పిపోతాయి.

అన్నిటికన్నా మంచి మార్పు, మారడం అందరికీ బోనస్ యాక్షన్ (టర్న్‌లో ప్రధాన యాక్షన్‌తో పాటు చేయగల చిన్న పని) కావడం. యాక్షన్‌తో ఫేరీ ఫైర్ మంత్రం వేయండి, అదే టర్న్‌లో తోడేలు అవ్వండి. మంత్రాన్ని నిలిపి ఉంచే కాన్సెంట్రేషన్ చెడదు. వరుస తిప్పితే కుదరదు: మారాక మంత్రం వేయలేరు (మూన్ డ్రూయిడ్‌కి సర్కిల్ మంత్రాలు మినహాయింపు). చాలామంది మర్చిపోయేది ఒకటుంది. దెబ్బ మొత్తాన్ని టెంపరరీ పాయింట్లే మింగేసినా కాన్సెంట్రేషన్ సేవ్ (అది నిలుస్తుందో లేదో తేల్చే పాచిక) వేయాల్సిందే, అదీ మృగం కాన్‌స్టిట్యూషన్‌తో (శరీర దారుఢ్యం అంకె).

వాడకాల లెక్క మాత్రం బిగించారు. మొదట 2, 6వ లెవెల్‌కి 3, 17కి 4. షార్ట్ రెస్ట్‌కి తిరిగొచ్చేది ఒక్కటే. అన్నీ అయిపోతే 5వ లెవెల్ నుంచి స్పెల్ స్లాట్ (మంత్రాలు వేయడానికి ఉన్న కోటాలో ఒకటి) ఖర్చుపెట్టి ఒకటి తెచ్చుకోవచ్చు. రూపంలో ఉండగానే మళ్లీ వైల్డ్ షేప్ వాడి టెంపరరీ పాయింట్లు నింపుకోవచ్చు కూడా, కానీ అవి కలవవు. 5వ లెవెల్ మూన్ డ్రూయిడ్‌కి 4 మిగిలుంటే కొత్తగా వచ్చేవి 15, మొత్తం 15. 19 అని రాసుకున్నవాళ్లను డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) పట్టుకోవాలి.

తెలిసిన రూపాలు 4, తర్వాత 6, 8. లాంగ్ రెస్ట్‌కి ఒకటి మార్చుకోవచ్చు. జంతువుల జాబితా ముందేసుకుని పది నిమిషాలు వెతికే బాధ పోయింది, నా లెక్కన ఇదొక్కటే చాలు. ఎగిరే రూపాలకు ఇప్పటికీ 8వ లెవెల్ దాకా ఆగాలి. ఈదేవి మాత్రం మొదటినుంచీ దొరుకుతాయి.

లోపం దాడి దగ్గరుంది. అటాక్ బోనస్ (దాడి పాచికకు కలిపే అంకె) మృగం పేజీలో ఉన్నదే, మీ లెవెల్‌తో పెరగదు. మూన్ డ్రూయిడ్‌కి ఛాలెంజ్ రేటింగ్ (మృగం ఎంత బలమైనదో చెప్పే అంకె) పరిమితి, భిన్నం వదిలేస్తే, లెవెల్‌లో మూడో వంతు కాబట్టి 5వ లెవెల్‌లోనూ 1 దగ్గరే ఆగుతుంది. ఎలుగు +5తో కొడుతుంటే, విజ్డమ్ 18 ఉన్న అదే డ్రూయిడ్ మంత్రం +7తో వెళ్తుంది. మిగతా సర్కిళ్లవాళ్లు తోడేలుగా ముందు వరసలోకి దూకడం ఇంకా దండగ: ఆర్మర్ క్లాస్ 12, చేతిలో 5 టెంపరరీ పాయింట్లు. వాళ్లకిది నిఘాకీ ప్రయాణానికీ పనికొచ్చే సాధనం, అంతే.

సామాను విషయం ఆటకు ముందే డీఎంతో తేల్చుకోండి. శరీరంలో కలిసిపోయిన వస్తువు పనిచేయదు, ఒంటిమీద ఉండేది ఆ ఆకారానికి సరిపోతుందా అన్నది డీఎం మాటే.

కొనేముందు ఉచితంగా దొరికే రూల్స్ పత్రం ఎస్‌ఆర్‌డీ 5.2 చదవండి. వైల్డ్ షేప్ రూల్ అందులో పూర్తిగా ఉంది. సర్కిళ్లలో మాత్రం ల్యాండ్ ఒక్కటే ఇచ్చారు, మూన్ కావాలంటే పుస్తకం కొనాల్సిందే.