నా అచ్చుతప్పు దొంగలకు ఎలా చేరింది: హ్యావ్ ఐ బీన్ పోన్డ్ వాడి చూశాక

మొన్నామధ్య నాకొక బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. మీ కంప్యూటర్ కెమెరాతో మిమ్మల్ని చిత్రీకరించాం, రెండు రోజుల్లో బిట్‌కాయిన్ పంపకపోతే ఆ వీడియో మీ వాళ్లందరికీ చేరుతుంది అని. నా కంప్యూటర్‌కు కెమెరాయే లేదు. నవ్వుకుని తీసిపారేయాల్సిందే. కానీ మొదటి వాక్యంలోనే నా పాస్‌వర్డు ఉంది. అదీ అక్షరం పొల్లుపోకుండా, ఎప్పుడో 'గార్డెన్' అనే మాటలో ఒక 'ఆర్' ఎక్కువ కొట్టి, మార్చడానికి బద్ధకించి వదిలేసిన తప్పుతో సహా. ముప్ఫై ఏళ్లు ఇతరుల ప్రూఫులు దిద్దిన వాణ్ణి. నా తప్పు ఒక దొంగ ఉత్తరంలో కనిపించేసరికి చెమటలు పట్టాయి.

మేనకోడలు చదివి, "వీడియో లేదు, ఏమీ లేదు మామయ్యా. ఎక్కడో లీకైన పాత జాబితా వాళ్లకు దొరికింది, అంతే" అంటూ 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అనే ఈ సైటు తెరిచింది.

ఆస్ట్రేలియాకు చెందిన కంప్యూటర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013 డిసెంబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. ఆ అక్టోబరులోనే అడోబీ సంస్థ నుంచి 15 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి. అలాంటి జాబితాల్లో మన చిరునామా ఉందో లేదో ఇక్కడ చూసుకోవచ్చు. ఈమెయిల్ కొడితే చాలు, ఖాతా తెరవనక్కర్లేదు. నాది నాలుగు లీకుల్లో ఉంది. ఒక్కొక్కటి ఎప్పుడు జరిగింది, ఏయే వివరాలు పోయాయి అన్నది విడివిడిగా రాసి ఉంది. ఫొటోలు దాచుకోవడానికి ఎప్పుడో చేరి, రెండు వారాల్లో మరిచిపోయిన ఒక సైటు పేరు కింద 'పాస్‌వర్డులు' అని కనిపించింది. దొంగ దొరకలేదు కానీ, కన్నం ఎక్కడ వేశాడో తెలిసింది. గుండెదడ తగ్గడానికి అది చాలు.

పాస్‌వర్డునే కొట్టి చూసుకునే పేజీ కూడా ఉంది. అక్కడ నా చేయి ఆగిపోయింది. పాస్‌వర్డు అడిగిన ప్రతివాణ్ణీ అనుమానించాలి కదా! కానీ అది మన బ్రౌజర్‌లోనే ఒక సంకేత రూపంలోకి మారిపోతుంది, అందులో మొదటి అయిదు అక్షరాలే అవతలికి వెళతాయి, పోల్చి చూడడమంతా మన దగ్గరే జరుగుతుంది. ఎలాగూ పోయిన పాస్‌వర్డే కదా అని కొట్టాను. రెండు సార్లు కనిపించిందట. లోకంలో ఇంకెవరైనా అదే తప్పు చేశారా, లేక నేనే దాన్ని రెండు చోట్ల వాడానా? రెండోదే నిజమని నా మనసుకు తెలుసు.

లోపాలూ ఉన్నాయి. అంతా ఇంగ్లీషే. ఇంటర్నెట్ కుర్రకారు యాస నుంచి తీసుకున్న ఆ పేరు నాలాంటి వాళ్లకు నోరు తిరగదు. ఫోను నంబరుతో వెతికే వీలు ఒకప్పుడు ఉండేది, 2025లో తీసేశారు. కాబట్టి బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ అడిగే కాల్స్‌కు ఇక్కడ మందు లేదు. ఏమీ దొరకలేదని చూపిస్తే భద్రంగా ఉన్నట్టు కాదు, ఆ లీకు ఇంకా వీళ్ల దాకా రాలేదేమో. పరువుకు సంబంధించిన కొన్ని సైట్ల లీకులను మాత్రం ఎవరు పడితే వాళ్లు చూడలేరు. ఆ ఈమెయిల్ తనదేనని రుజువు చేసుకున్నవారికే చూపిస్తారు. ఆ మర్యాద నాకు నచ్చింది.

అంతకంటే నచ్చింది ఇంకొకటి. 2025 మార్చిలో ప్రయాణ బడలికతో ఉన్న హంట్ తానే ఒక నకిలీ ఈమెయిల్‌ను నమ్మి, పాస్‌వర్డుతో పాటు ఓటీపీ కూడా ఇచ్చేశారు. ఆయన బ్లాగు పాఠకుల జాబితాలోని సుమారు 16,000 చిరునామాలు పోయాయి. పాస్‌వర్డులు గుర్తుంచుకునే యాప్ ఆ పేజీలో వివరాలను తనంతట తాను నింపనప్పుడే అనుమానించాల్సిందని తరువాత రాసుకున్నారు. ఆ లీకునూ తన సైటులోకే ఎక్కించారు.

కొత్త లీకుల్లో మన ఈమెయిల్ కనిపిస్తే కబురు పంపే ఏర్పాటు ఉంది, అందులో చేరాను. 'గార్డెన్' వాడిన ఆ రెండో చోటు నా కరెంటు బిల్లు ఖాతా. దాన్ని అదే రాత్రి మార్చాను, ఈసారి రెండుసార్లు దిద్దుకుని.