ఐస్‌లాండ్‌లో మంచి బీరు కోసం

రేక్యవీక్ చేరేసరికి శనివారం రాత్రి ఎనిమిదైంది. గెస్ట్‌హౌస్ పక్క సూపర్‌మార్కెట్‌లో ఆరు డబ్బాలు కొని గదికి తెచ్చాం. ఒక గుక్క తాగి మా బావమరిది డబ్బా తిప్పి చూశాడు. "బావా, ఆల్కహాల్ 2.25 శాతమే!" అన్నాడు. ఇక్కడ మామూలు దుకాణాల్లో అంతకు మించి అమ్మకూడదట. అసలు బీరు ప్రభుత్వ దుకాణం విన్‌బూదిన్‌లో దొరుకుతుంది. ఇరవై ఏళ్లు నిండాలి, ఆదివారం సెలవు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే కెఫ్లవిక్ ఎయిర్‌పోర్టులో దిగగానే డ్యూటీఫ్రీలో తీసుకునేవాళ్లం. ఆ దేశం వాళ్లూ అదే చేస్తారు.

ఆదివారం బార్లు మాత్రం తెరిచే ఉన్నాయి. లౌగవేగుర్ వీధిలోని కాల్డి బార్‌లో హ్యాపీ అవర్ చూసుకుని కూర్చున్నాం. మామూలు వేళల్లో ధర నిజంగా భారమే. గ్లాసు ముదురు తేనె రంగులో, కాస్త మసకగా ఉంది. మొదట రొట్టె వాసన, చివర్లో నాలుక మీద సన్నటి చేదు. పక్కన కూర్చున్న పెద్దాయన ఒక మాట చెప్పారు. 1915 నుంచి 1989 మార్చి 1 దాకా అక్కడ బీరు నిషేధమట. సారాయిలాంటి ఘాటు మందును 1935లోనే అనుమతించి, బీరును మాత్రం ఆపారు! ఎనభైల్లో పబ్బుల్లో నిషేధం లేని పల్చటి బీరులో వోడ్కా కలిపి అమ్మేవారట. మనకు 1995లో పెట్టిన నిషేధం రెండేళ్లకే సడలింది. అందుకే 74 ఏళ్ల లెక్క విని నోట మాట రాలేదు.

మర్నాడు ఉత్తరాన ఆకురేరి మీదుగా ఆర్‌స్కోగ్‌సాండుర్ వెళ్లాం, చాలా దూరం. మేం బార్‌లో తాగిన కాల్డి బీరు తయారయ్యేది ఆ చిన్న చేపల ఊళ్లోనే. 2006లో ఒక జంట చెక్ దేశపు పద్ధతిలో ఆ బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే చోటు, మొదలుపెట్టారు. నిల్వ మందులు, పంచదార కలపరు, పాశ్చరైజ్ చెయ్యరు. బార్లీ గింజ నమిలి చూడమన్నారు, వేయించిన జొన్నపేలాల రుచి. చిన్న బ్రూవరీలు తమ దగ్గరే సీసాలు అమ్ముకోవచ్చని 2022లో చట్టం మార్చారు కాబట్టి నాలుగు కొన్నాం.

కారు నడిపింది బావమరిది, కాబట్టి అక్కడ చుక్క కూడా ముట్టలేదు. రాత్రి ఆకురేరి గదిలో మొదటి సీసా వాడికే ఇచ్చాను.