వెక్టర్ బొమ్మలు నేర్చుకోవడానికి ఫిగ్మా మేలా, ఇంక్‌స్కేప్ మేలా?

మా పిన్ని కూతురు మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో డిగ్రీ చదువుతోంది, మారతహళ్లిలో పీజీలో ఉంటుంది. వెక్టర్ డ్రాయింగ్, అంటే పాయింట్లు పెట్టి వాటిని గీతలతో కలుపుతూ బొమ్మ గీయడం, మొదలుపెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: "అక్కా, బ్రౌజర్‌లో ఫిగ్మా ఉండగా ఇంక్‌స్కేప్ ఎందుకు?" నేర్చుకునేవాళ్లకు ఈ రెండు డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లూ ఉచితమే కాబట్టి ఖర్చు మాట పక్కన పెడదాం.

ఫిగ్మా చేతికి త్వరగా అలవాటవుతుంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. లింక్ పంపితే చాలు, నేను ఆఫీసు నుంచే దాని బొమ్మ తెరిచి తప్పు ఎక్కడుందో చూపిస్తాను. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు వెతుక్కునే పని లేకుండా అందులోనే దొరుకుతాయి. ఒకే పాయింట్ నుంచి మూడు నాలుగు గీతలు లాగొచ్చు. ఇంక్‌స్కేప్‌లో అది కుదరదు.

కానీ మొన్న ఆదివారం దాని చేత మెలికల ముగ్గు గీయించాను. చుక్క చుట్టూ తిరిగే ఒక్క మెలికకే పెన్ టూల్‌తో ఇరవై పాయింట్లు పెట్టింది. గీత గతుకుల రోడ్డులా వచ్చింది. గుండ్రానికి నాలుగు పాయింట్లు చాలు: పైన, కింద, కుడి, ఎడమ. పాయింట్ నుంచి బయటికి వచ్చి వంపును తిప్పే పుల్లలాంటి హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో 55 శాతం దాకా ఉంటే కంటికి అచ్చం వృత్తమే. ఈ వంపులను బెజియే వంపులంటారు. 1960లలో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే కార్ల ఒంపుల కోసం వీటిని వాడుకలోకి తెచ్చాడు. చేయి దీనికి అలవాటు పడితే 'అ' అయినా, 'ఱ' అయినా నున్నగా వస్తుంది.

ఇక్కడే నా ఓటు ఇంక్‌స్కేప్‌కి. నోడ్ టూల్‌తో (పాయింట్లనే ఇందులో నోడ్లంటారు) గీతను పట్టుకుంటే మొత్తం ఎన్ని నోడ్లున్నాయో కింది పట్టీలోనే చూపిస్తుంది. ఒక్కోటీ తీసేస్తూ వంపు ఎక్కడ చెడిందో చూసుకోవచ్చు. కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే నోడ్లను అదే తగ్గిస్తుంది, కానీ మొదట్లో దాని జోలికి పోవద్దు, చేత్తోనే తీయాలి.

ఇంకో సంగతి, పీజీ వైఫై. రాత్రి తొమ్మిదింటికి అందరూ ఫోన్లు పట్టుకుంటే ఫిగ్మా తెరుచుకోవడానికే తంటాలు. 2003 నుంచి ఉన్న ఇంక్‌స్కేప్‌కి నెట్ అవసరం లేదు, ఫైల్ నేరుగా ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫార్మాట్‌లో మన లాప్‌టాప్‌లోనే ఉంటుంది.

ప్రింటుకు ఇచ్చేటప్పుడు మాత్రం ఏది వాడినా అక్షరాలను పాత్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలుగా, మార్చాల్సిందే. ఆ పని చేయకుండానే నేను ఒక పెళ్లి పత్రిక ఫైల్ ప్రెస్‌కి పంపాను. అక్కడ వేరే ఫాంట్ పడి, వధువు పేరులో ఒత్తు అక్షరం కింద నుంచి పక్కకు జారింది. అచ్చుకు ముందే కనిపించింది కాబట్టి సరిపోయింది.

యాప్ స్క్రీన్ల డిజైన్ ఉద్యోగమే లక్ష్యమైతే ఫిగ్మా తప్పదు, ఇక్కడి కంపెనీలు అదే అడుగుతాయి. అయినా మొదటి రెండు నెలలు ఇంక్‌స్కేప్‌లో వంపులు గీయమనే చెప్తాను, ఆ తర్వాత ఫిగ్మా నేర్చుకోవడానికి వారం చాలు. నిన్న రాత్రి మా చెల్లి పంపిన ముగ్గులో అదే మెలికకు ఏడు పాయింట్లున్నాయి. ఇంకో మూడు తీసేయమన్నాను.