టేప్ లైబ్రరీ రోబోకు ఏ కన్ను మేలు: ఉత్త లెక్కా, సెన్సరా, కెమెరానా?

మా ఆఫీసులో టేప్ లైబ్రరీ, అంటే డేటా దాచే టేపు కార్ట్రిడ్జ్‌లను స్లాట్లలో పెట్టుకుని, అడిగినది రోబో చెయ్యి తీసిచ్చే మెషీన్, కొనే మాట వచ్చినప్పటి నుంచి మావాడొకడు "కెమెరా ఉండేదే తీసుకుందాంనా" అని ఒకటే పట్టు. కెమెరా అంటే కొత్తది, కొత్తదంటే మంచిదని వాడి లెక్క. స్టోరేజ్‌టెక్ కంపెనీ వాళ్లు 1987లోనే, దాదాపు 6,000 కార్ట్రిడ్జ్‌లు పట్టే 4400 అనే పెద్ద టేప్ లైబ్రరీలో రోబో చేతికి కెమెరా పెట్టేశారు, కాబట్టి ఆ వాదన పక్కన పెడదాం.

రోబోకు ఉండేది రెండు పనులు: సరిగ్గా స్లాట్ ముందు ఆగడం, అక్కడున్నది అడిగిన టేపేనా అని చూసుకోవడం.

అన్నిటికంటే చవకది ఎన్‌కోడర్ లెక్క, అంటే మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టి చెయ్యి ఎక్కడుందో చెప్పడం. అలిపిరి నుంచి కళ్లు మూసుకుని మెట్లు లెక్కపెట్టుకుంటూ కొండెక్కినట్టు, మధ్యలో ఒక్కటి తప్పితే చివరిదాకా తప్పే. బెల్టు సాగుతుంది, ర్యాక్ జరిపితే ఫ్రేమ్ కాస్త ఒరుగుతుంది, ఎన్‌కోడర్‌కు ఇవేవీ తెలియవు. ఇది ఒక్కటే నమ్ముకున్న మెషీన్ వద్దు.

రెండోది రిఫ్లెక్టివ్ సెన్సర్, తోడుగా బార్‌కోడ్ రీడర్. నాకు నచ్చింది ఇదే. ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ వెలుతురు కొడుతుంది, పక్కనే ఫోటోట్రాన్సిస్టర్ తిరిగొచ్చింది ఎంతో చూస్తుంది. నల్ల ఫ్రేమ్ మీద తెల్ల గుర్తు ఉందనుకోండి, చెయ్యి దాని మీదుగా జరుగుతుంటే ఒక అంచు దగ్గర వెలుతురు పెరుగుతుంది, రెండో అంచు దగ్గర పడిపోతుంది, ఆ రెండు చోట్లా ఎన్‌కోడర్ అంకె రాసుకుని కూడి సగం చేస్తే గుర్తు నడిమధ్య దొరికిపోతుంది. ఇందులో సొగసేమిటంటే, ఏళ్లు గడిచి ఎల్‌ఈడీ మసకబారినా, దుమ్ము పేరుకున్నా, గుర్తు ఇరుకైనట్టు కనిపిస్తుందే గానీ రెండు అంచులూ సమానంగా లోపలికి జరుగుతాయి కాబట్టి మధ్య మాత్రం కదలదు. లోటు కూడా ఉంది: అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిరగాలి, ఫ్రేమ్ మెలి తిరిగితే ఒక్క గుర్తుతో పట్టుకోలేదు. బార్‌కోడ్ చదవలేకపోతే స్లాట్ ఖాళీనా, లేబుల్ పాడైందా అన్నది రీడర్ ఒక్కటే తేల్చలేదు.

కెమెరా గెలిచేది అక్కడే. ఒక్క ఫోటోతో అడ్డం, నిలువు, వంపు మూడూ తెలుస్తాయి, ఖాళీ స్లాట్ ఖాళీగానే కనబడుతుంది, తేడా వస్తే ఆ ఫోటోనే సర్వీసు వాళ్లకు పంపొచ్చు. కాకపోతే నిగనిగలాడే లేబుల్ మీద దాని లైటే తిరిగి కొట్టి గీతలు తెల్లబోతాయి. గాజు తలుపున్న లైబ్రరీని పడమటెండ పడే గదిలో పెడితే, మే నెల తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

కార్ట్రిడ్జ్‌లో చిప్ ఉంది కదా అని అడుగుతారు కొందరు. ఎల్‌టీఓ రకం టేపుల్లో ఉండే ఆ చిప్‌ను చాలా దగ్గరికి వెళితే గానీ చదవలేం, పైగా చెయ్యి ఎక్కడ ఆగాలో అది చెప్పదు.

మాలాగా ఒక్క ర్యాక్‌తో సరిపోయే వాళ్లకు సెన్సర్, బార్‌కోడ్ జోడీ చాలు. వరసగా ఫ్రేములు కలుపుకుంటూ వేల టేపులకు పెంచేవాళ్లయితే కెమెరాకు డబ్బు పెట్టండి, రోజూ మనిషి వెళ్లి చూసే పని తగ్గుతుంది.

ఏది కొన్నా లేబుళ్లు మాత్రం జిరాక్స్ షాపులో కొట్టించకండి. లేబుల్ మీద ఉండాల్సింది కోడ్ 39 అనే రకం బార్‌కోడ్, ఆరు అక్షరాలు, చివర ఎల్9 లాంటి, టేపు ఏ తరం రకమో చెప్పే రెండక్షరాల మీడియా గుర్తు, రెండు కొసలా ఖాళీ జాగా కచ్చితంగా ఉండాలి. కంపెనీ ముద్రించిన లేబుళ్ల ఖర్చును ముందే కొటేషన్‌లో వేయించండి.