బ్రౌనా, స్మిత్తా: ఉమువోఫియాకు ఎవరు మేలు?

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో వెలువరించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో ఉమువోఫియా అనే ఇగ్బో ఊళ్లో ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు తెల్ల మిషనరీలు కనిపిస్తారు. ముందు బ్రౌన్, ఆయన ఒళ్లు పాడై వెళ్లిపోయాక రెవరెండ్ జేమ్స్ స్మిత్. చదివినవాళ్లలో ఎవర్ని అడిగినా బ్రౌనే మంచివాడంటారు. నేనూ అదే అంటాను. కాకపోతే ఆ మాట గట్టిగా అనడానికి నాకు నవల మూడుసార్లు చదవాల్సి వచ్చింది. మధ్యలో ఒకసారి మనసు మార్చుకున్నాను కూడా.

స్మిత్ సంగతి తొందరగానే తేలిపోతుంది. ఆయనకు లోకంలో రెండే రంగులు, తెలుపూ నలుపూ. నలుపంటే పాపం. ఏ ప్రసంగం తీసుకున్నా బైబిల్లోని గొర్రెలు, మేకలు, గోధుమలు, గురుగులు, బయలు అనే దేవుడి ప్రవక్తల సంహారం. ఒక ఇల్లాలికి బిడ్డ నాలుగుసార్లు పుట్టి పోయింది. అది ఒగ్బాంజె అనీ, తల్లిని ఏడిపించడానికే మళ్లీ మళ్లీ ఆమె కడుపున పుడుతోందనీ పెద్దలు తేల్చారు. మళ్లీ రాకుండా ఉండాలని భర్త ఆ పసి శవానికి గాట్లు పెట్టాడు. అందుకు ఒప్పుకుందని, కొత్త ద్రాక్షారసం పాత తిత్తుల్లో పోసిందని, స్మిత్ ఆమెను సంఘానికి దూరం పెట్టాడు. బిడ్డ పోయిన తల్లికి ఒక్క ఓదార్పు మాట లేదు. ఆ చోట నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

బ్రౌన్ అదుపులో పెట్టిన ఈనోక్ లాంటి దుడుకువాళ్లకు స్మిత్ వచ్చాక పట్టపగ్గాల్లేకుండా పోయాయి. భూదేవి పండగనాడు ఈనోక్ నలుగురిలో ఒక ఎగ్వుగ్వు ముసుగు లాగేశాడు. ఎగ్వుగ్వు అంటే వేషం కట్టిన మనిషి కాదు, ఊరికి దిగివచ్చిన పితరుడు. ముసుగు లాగడమంటే ఆ పితరుణ్ణి చంపడమే. చచ్చిపోయిన కొడుకు కోసం ఆ రాత్రి ఆత్మల తల్లి ఊరంతా తిరుగుతూ ఏడ్చింది.

ఇక బ్రౌన్. ఊరి పెద్దల్లో ఒకడైన అకున్నాతో ఆయన గంటల తరబడి కూర్చుంటాడు, మధ్యలో దుబాసీ. ఇద్దరూ ఒకరి మతంలోకి ఒకరు రారు, కానీ ఒకరి మాట ఒకరు వింటారు. చెక్కబొమ్మకు మొక్కుతున్నారంటాడు బ్రౌన్. అవును చెక్కే, ఆ చెట్టును పుట్టించింది అందరికీ పెద్ద దేవుడు చుక్వు, చిన్న దేవుళ్లంతా ఆయన పంపిన దూతలు, నిన్ను మీ పెద్దలు పంపినట్టే, కమిషనర్‌ని మీ రాజు పంపినట్టే అంటాడు అకున్నా. వాళ్లకు రాజు కాదు రాణి అని దుబాసీ తనంతట తానే సర్దుతాడు. పెద్దాయన్ని ఊరికే విసిగించడానికి భయపడి ముందు చిన్నవాళ్ల దగ్గరికి పోతామంటాడు అకున్నా. దేవుడి ఇష్టప్రకారం నడిచేవాళ్లు ఆయనకు భయపడక్కర్లేదని బ్రౌన్ అంటే, ఆ ఇష్టమేమిటో చెప్పగలిగేవాడెవడు అని అడుగుతాడు. దానికి బ్రౌన్ దగ్గర జవాబు కనపడదు. ఈ మాటలు చదువుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చోవాలనిపిస్తుంది నాకు.

రెండోసారి చదివినప్పుడు నన్ను ఆపేసింది ఈ సంభాషణ తర్వాతి ముక్క. ఈ మతం మీదికి నేరుగా దాడికి పోతే ఫలితం ఉండదని బ్రౌన్‌కు తెలిసొచ్చింది. కాబట్టి బడి కట్టాడు, చిన్న ఆసుపత్రి కట్టాడు. ఆ ‘కాబట్టి’ దగ్గర నా ప్రాణం ఉసూరుమంది. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని బతిమాలాడు. మొదట్లో జనం బానిసల్నీ బద్ధకపు పిల్లల్నీ పంపారు. వచ్చినవాళ్లకు బనియన్లు, తువ్వాళ్లు ఇచ్చాడు. మీరు చదవకపోతే బయటివాళ్లొచ్చి మిమ్మల్ని ఏలుతారని చెప్పాడు. అది అబద్ధం కాదు, అప్పటికే కోర్టు నిండా ఉమురు నుంచి వచ్చిన పరాయివాళ్లే. ముప్పై దాటినవాళ్లు కూడా పొద్దున పొలానికి, మధ్యాహ్నం బడికి. కొన్ని నెలల చదువుతో కోర్టు బంట్రోతు, లేదంటే గుమాస్తా, ఇంకాస్త చదివితే పంతులు. తెల్లవాడు మెత్తగా వచ్చి, మనల్ని కలిపి ఉంచిన వాటి మీదే కత్తి పెట్టాడని ఊరివాడు ఒబియెరికా తన నేస్తం, నవలకు నాయకుడైన ఒకొంక్వోతో వాపోయేది స్మిత్ కాలంలో కాదు, బ్రౌన్ కాలంలోనే.

స్మిత్ మీద తిరగబడొచ్చు, ఊరు తిరగబడింది కూడా. బనియను ఇచ్చి అక్షరం నేర్పేవాడి మీద ఎలా తిరగబడతారు? ఆ లెక్కన బ్రౌనే ఎక్కువ ప్రమాదమని కొన్నాళ్లు వాదించాను.

ఆ వాదన వదులుకునేలా చేసింది మూడో మనిషి కియాగా. ఆయన తెల్లవాడు కాదు, ఒకొంక్వో మేనమామల ఊరు ఎంబంటాలో క్రైస్తవుల గుడి నడిపిన ఇగ్బో మనిషి. అంటరాని ఒసూలు గుడికి వస్తే విశ్వాసులే అభ్యంతరం చెప్పారు. కియాగా ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. వెలికి గుర్తుగా పెంచిన ఆ జడలు కట్టిన జుట్టు గొరిగించుకోమన్నాడు. చస్తామేమోనని వణికిపోతూనే గొరిగించుకున్నారు. ఏమీ కాలేదు. 1878లో ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్న చరిత్ర తెలిసిన ఇళ్లలో ఈ ఘట్టం గురించి వేరే చెప్పక్కర్లేదు. కవలలు పుడితే అడవిలో పారేయాలన్నది అక్కడి ఆచారం. నాలుగుసార్లు కవలల్ని కని నాలుగుసార్లూ అడవి పాలు చేసుకున్న న్నెకా మళ్లీ కడుపుతో ఉండి ఈ గుడికే నడిచొచ్చింది. ఇగ్బో ఆచారాన్ని తాకకూడదనే మాట ఆమె ముందు నేను అనలేను.

అంటే రాజీపడని పట్టుదల ఒక్కటే స్మిత్ తప్పు కాదు. కియాగా మొండిగా నిలబడింది తన కళ్లెదుట ఉన్న మనుషుల కోసం. స్మిత్‌కు ఆ మనుషులే కనపడలేదు. బ్రౌన్‌కు కనపడ్డారు, అందుకే నేను బ్రౌన్ వైపు. ఆయన బడి చేసిన పనిని మర్చిపోకుండానే ఈ మాట అంటున్నాను.

ఈనోక్ చేసిన పనికి కోపంతో గుడి ముందుకు వచ్చిన ఎగ్వుగ్వుల పెద్ద అజోఫియా కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు. ముందున్న నీ సోదరుడు తెలివితక్కువవాడే అయినా మాకు ఇష్టుడు, ఆయన మొహం చూసి నిన్నేమీ చెయ్యం అన్నాడు స్మిత్‌తో. అన్నట్టే ఆయన మీద చెయ్యి వేయలేదు. వాళ్లు వెళ్లిపోయేసరికి బ్రౌన్ కట్టించిన ఎర్రమట్టి గుడి మాత్రం మట్టీ బూడిదా అయి ఉంది.