మేడారం జాతరకు ఆర్టీసీ బస్సా, సొంత వాహనమా?

మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క–సారలమ్మ జాతర నుంచి భక్తులు తృప్తిగా తిరిగి వస్తారా, విసుగుతో వస్తారా అన్నది చాలావరకు రాకపోకల ఏర్పాట్ల మీదే ఆధారపడి ఉంటుంది.

ఖర్చు: మహాలక్ష్మి పథకం వల్ల 2024 జాతరకు తెలంగాణ మహిళలు బస్సుల్లో ఉచితంగానే వెళ్లారు, సొంత బండికి ఇంధనం ఖర్చు తప్పదు.

శ్రమ: బస్సు గద్దెలకు (అమ్మవార్లు కొలువుదీరే వేదికలకు) దగ్గరలో దింపుతుంది. కారునైతే దూరాన పార్కింగ్‌లో వదిలి, నిలువెత్తు బంగారంగా (ఇక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) మొక్కిన బెల్లాన్ని నెత్తిన పెట్టుకొని, దుమ్ములో చాలాదూరం నడవాలి.

ఇబ్బంది: బస్సుకు తిరుగు ప్రయాణంలో క్యూ, కారుకు ట్రాఫిక్. నా దృష్టిలో క్యూయే నయం, కనీసం కదులుతుంది.

ఒక్కరోజు మొక్కుకు, వృద్ధులకు బస్సు అనువు. వంటసామాను, కోళ్లు, పిల్లలతో చెట్ల కింద రెండు రోజులు విడిది చేసే కుటుంబాలకు సొంత వాహనమే కుదురుతుంది.