వినియోగదారుల రక్షణ సంస్థకు ఒక్క డైరెక్టరా, అయిదుగురి కమిషనా: ఏది మేలు?

అమెరికాలో బ్యాంకులు, క్రెడిట్ కార్డు కంపెనీలు, అప్పులిచ్చే సంస్థలు సామాన్యులతో ఎలా వ్యవహరిస్తున్నాయో కనిపెట్టి ఉండే కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరోకు ఎవరు నాయకత్వం వహించాలన్న వాదం ఆ సంస్థ పుట్టకముందే మొదలైంది. 2009 డిసెంబరులో ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులో కొంతకాలం డైరెక్టర్, ఆ తరువాత కమిషన్ అన్న ఏర్పాటు ఉంది. ఆర్థిక సంస్థల సంస్కరణకు తెచ్చిన 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం దాన్ని పక్కనపెట్టి, అయిదేళ్ల పదవీకాలం గల ఒక్క డైరెక్టర్‌కే పగ్గాలు అప్పగించింది. కమిషన్ కోరే బిల్లులను ప్రతినిధుల సభ 2011లోనూ 2014లోనూ ఆమోదించినా అవి చట్టం కాలేదు.

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు అమెరికా నుంచి డబ్బు పంపే తెలుగువారికి ఈ సంస్థతో నేరుగా సంబంధం ఉంది. రుసుము ఎంత, మారకపు రేటు ఎంత, అవతలివారి చేతికందేది ఎంత అన్నది చెల్లింపుకు ముందే చూపించాలనీ, సొమ్ము అవతలికి ఇంకా చేరకపోతే అరగంటలోపు రద్దు చేసుకునే హక్కు ఉండాలనీ 2013 అక్టోబరు నుంచి అమలవుతున్న నిబంధన ఈ సంస్థదే.

ఒక్కరి చేతిలో అధికారం ఉంటే నిర్ణయం నానదు, తప్పొప్పులకు జవాబుదారీ ఎవరన్న సందేహమూ ఉండదు. ఖాతాదారులకు తెలియకుండా లక్షలాది ఖాతాలు తెరిచిన వెల్స్ ఫార్గో బ్యాంకుకు 2016లో 10 కోట్ల డాలర్ల జరిమానా పడింది రిచర్డ్ కార్‌డ్రే డైరెక్టర్‌గా ఉన్నప్పుడే. అయితే ఈ ఏర్పాటుకు అసలు బలం, తగిన కారణం లేకుండా డైరెక్టర్‌ను అధ్యక్షుడు తొలగించరాదన్న నియమంలో ఉండేది. 2020 జూన్ 29న సీలా లా కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ నియమాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. దాంతో డైరెక్టర్ పదవి వైట్‌హౌస్‌లో ఎవరున్నారన్న దానిపై ఆధారపడిపోయింది: 2021 జనవరిలో కేథీ క్రానింజర్ కొత్త అధ్యక్షుడు కోరగానే రాజీనామా చేశారు, 2025 ఫిబ్రవరి 1న రోహిత్ చోప్రాను పదవీకాలం మిగిలి ఉండగానే తొలగించారు.

మనుషులు మారినప్పుడల్లా నిబంధనలూ తిరగబడ్డాయి. అప్పు తీర్చే స్తోమత ఉందో లేదో చూశాకే పేడే లోన్ (తర్వాతి జీతం వచ్చేదాకా ఇచ్చే చిన్న అప్పు) ఇవ్వాలని 2017 అక్టోబరులో తెచ్చిన నిబంధనను, అది అమలుకు రాకముందే, 2020 జులైలో క్రానింజర్ ఉపసంహరించారు. 2025 ఫిబ్రవరిలో తాత్కాలిక డైరెక్టర్ రస్సెల్ వాట్ పనులు ఆపేయమని సిబ్బందికి ఈమెయిల్ పంపినప్పుడు, సంస్థ లోపల ఓటు వేసి కాదనగల వారు ఒక్కరూ లేరు.

కమిషన్ బిల్లుల సాధారణ స్వరూపం ప్రకారం అయిదుగురిని అధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, ఒకే పార్టీవారు ముగ్గురికి మించకూడదు, పదవీకాలాలు ఒకేసారి ముగియవు. నా దృష్టిలో ఇందులో అన్నిటికంటే విలువైనది అల్పసంఖ్యాక సభ్యుల లిఖితపూర్వక అసమ్మతి. నిబంధన రద్దు చేయాలంటే మెజారిటీ కూడగట్టాలి, కాదన్నవారి కారణాలు అందరికీ తెలియాలి.

కమిషన్‌కూ లోపాలున్నాయి, అవి చిన్నవి కావు. ప్రభుత్వోద్యోగుల ఫిర్యాదులు వినే, కమిషన్‌లాగే పలువురు సభ్యులుండే మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డు కోరం లేక 2017 జనవరి నుంచి 2022 మార్చి వరకు అప్పీళ్లపై తీర్పులివ్వలేకపోయింది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌లోని ఇద్దరు డెమొక్రాట్ సభ్యులను అధ్యక్షుడు 2025 మార్చిలో తొలగించడంతో, తగిన కారణం లేకుండా తొలగించరాదంటూ కమిషన్ సభ్యులకు 1935 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రక్షణ కూడా వివాదంలో పడింది.

అయినా నేటి పరిస్థితిలో కమిషనే మేలని నేను నమ్ముతున్నాను. 2020కి ముందైతే డైరెక్టర్ పక్షమే వహించేవాణ్ని. ఆ పదవికి ఉన్న స్వతంత్రత పోయాక వేగం ఒక్కటే మిగిలింది, ఆ వేగం కట్టడానికీ కూల్చడానికీ సమానంగా పనికొస్తోంది. కాకపోతే బిల్లులో రెండు అంశాలు తప్పక ఉండాలి. వారసులు వచ్చేదాకా పాత సభ్యులు కొనసాగాలి, అప్పుడే కోరం సమస్య తలెత్తదు. నిధులు ఇప్పటిలాగే అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ నుంచి రావాలి. 2014 బిల్లు కమిషన్‌తోపాటు నిధులను కూడా కాంగ్రెస్ ఏటేటా జరిపే కేటాయింపుల కిందికి తేవాలని చూసింది, ఆ జోడింపును ఒప్పుకోకూడదు. 2025 జులై చట్టం ఆ నిధుల గరిష్ఠ పరిమితిని ఫెడరల్ రిజర్వ్ నిర్వహణ వ్యయంలో 12 శాతం నుంచి 6.5 శాతానికి ఇప్పటికే తగ్గించింది కనుక, దాన్ని తిరిగి పెంచకుండా కుర్చీల సంఖ్య మాత్రమే మార్చే బిల్లుకు మద్దతివ్వలేను.